ఎడంచేతి మౌస్

కోటిరత్నాన్ని టైపు మాస్టారు పిలిపించారనగానే వాళ్ళ వీధిలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పిలవక పిలవక ఆ పిల్లనా పిలిచింది? కుడిచేతికి బొటనవేలు తప్ప మరో వేలు లేని మనిషితో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఏం పనట? అంటారు, ఎందుకనరు! అనేవాళ్ళ చేతులకి పదేసి వేళ్ళూ పదిలంగా ఉన్నాయాయె.

ఆ చెయ్యి ఒకప్పుడు శ్రీమన్నారాయణ మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌కే పేరు తెచ్చిన చెయ్యి. వినుకొండలో టైపు నేర్చుకోవాలంటే ఆయన దగ్గరే నేర్చుకోవాలి. కొత్తగా చేరిన పిల్లల్ని ఆయన కోటిరత్నం బల్ల పక్కన నిలబెట్టి, "చూడకండి, వినండి" అనేవారు. రేకుల కప్పు మీద సన్నవాన పడ్డట్టు ఒకే తీరున ఉండేది ఆమె కొట్టే చప్పుడు. ఇంటర్ అయింది, లోయరు ఫస్టుక్లాసులో పాసైంది. హయ్యరు పరీక్ష కూడా రాసేస్తే ఏ కోర్టులోనో ఆఫీసులోనో ఉద్యోగం వస్తుందని తండ్రి వెంకయ్య ఊరంతా చెప్పుకునేవాడు.

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. వెంకయ్య ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు, చేనే చచ్చింది. ఇల్లు గడవాలి కదా అని ఆ సీజనుకి కోటిరత్నం గుంటూరు దారిలో ఒక జిన్నింగు మిల్లుకి పోయింది. దూది నుంచి గింజ వేరుచేసే యంత్రానికి పత్తి అందించడం పని. దూది ఇరుక్కుంటే మిషను ఆపి తియ్యాలని గోడ మీద పెద్దపెద్ద అక్షరాలతో రాసే ఉంది. కానీ ఆపితే మేస్త్రీ ఊరుకోడు. అందుకని అందరూ తిరిగే మిషన్లోంచే లాగేవాళ్ళు. అందరూ లాగినట్టే ఈ పిల్లా లాగింది. అందరి చేతులూ బయటికొచ్చాయి. ఈమె చెయ్యి రాలేదు.

గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మాస్టారు చూడ్డానికి వెళ్ళారు. మంచం పక్కన కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి లేచి వచ్చేశారు. టైపులో మొదటి పాఠమే రెండు చేతుల పాఠం. ఎ ఎస్ డి ఎఫ్ ఎడంచేతిది, సెమికోలన్ ఎల్ కె జె కుడిచేతిది. ఆ రెండో సగం పోయింది. ఇక ఏమని ఓదారుస్తారు?

అన్నం తినడం ఎడంచేత్తో నేర్చుకుంది. అది ఇంట్లో. పదిమందిలో ఎడంచేత్తో ముద్ద నోట పెట్టుకోవడం ఎలా? అందుకే పెళ్ళిళ్ళకి పోవడం మానేసింది. గుళ్ళో తీర్థానికి ఎడంచెయ్యి చాచకూడదు, కుడిచెయ్యి చాస్తే వేళ్ళు లేని వైపు నుంచి కారిపోతుంది. పూజారి ఏమీ అనలేదు, ఆగి చూశాడు. ఆ చూపుకే గుడికి వెళ్ళడం కూడా మానేసింది. చీరకొంగు కుడిచేతికి చుట్టుకుని తిరగడం అలవాటైపోయింది. సొంత తల్లికి కూడా ఆ చెయ్యి చూపించేది కాదు. కొట్టంలో గేదె మాత్రం ఆ చేతినీ నాకేది, దానికి తేడా లేదు.

ఇదీ మనిషి. రెండువేల ఒకటిలో, దసరా వెళ్ళిన మర్నాడు మాస్టారు కబురంపారు.

ఇన్‌స్టిట్యూట్ గదిలోకి అడుగుపెడితే పసుపు వాసన. ఆయుధపూజ చేసిన టైపుమిషన్లు బొట్లతో, వాడిన బంతిపూలతో వరసగా ఉన్నాయి. వాటి ముందు కూర్చునేవాళ్ళే లేరు. కిటికీ పక్క బల్ల మీద ఒక కంప్యూటరు ఉంది, దానికీ నిండుగా బొట్లు. మాస్టారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పడక్కుర్చీలో ఉన్నారు. శుక్లాల ఆపరేషన్ అయి వారమే అయింది. తెర వైపు కన్నెత్తి చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"వచ్చావా అమ్మాయ్. కూర్చో. నీమీద జాలిపడి పిలవలేదు, ముందే చెప్తున్నా. నాకు కళ్ళు కావాలి, అందుకు పిలిచాను."

"చెప్పండి మాస్టారూ."

ఆయన దాచకుండా చెప్పారు. టైపుకి రోజులు చెల్లిపోయాయి. ఆడపిల్లల జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ మల్లేశ్వరి మేడమ్, తమ పిల్లలకి కంప్యూటరు నేర్పే చోటు కోసం చూస్తోంది. రేపు పొద్దున వచ్చి ఈ మెషిన్ చూస్తానంది. నచ్చితే పిల్లల్ని ఇక్కడికే పంపుతుంది, ఇంకో నాలుగు మెషిన్లు తెప్పించుకోవచ్చు.

"నేర్పే మనిషివి నువ్వని చెప్పాను," అన్నారు మాస్టారు.

కోటిరత్నం గుండె ఒక్కసారి పైకి లేచింది. "ఏమన్నారు?"

"చేత్తో నేర్పే పని కదా మాస్టారూ, చెయ్యే సరిగ్గా లేని అమ్మాయి ఎలా నేర్పుతుంది అంది. రేపు చూసి చెప్పండి అన్నాను. నీ ముందు దాచడం దేనికి?"

లేచిన గుండె అక్కడే ఆగింది. అయినా లేచి వెళ్ళిపోలేదు. చెయ్యి పోయాక ఆమెను ఒక పనికి పిలిచినవాళ్ళు ఆయనొక్కరే.

ఆ కంప్యూటరు సరుకంతా ఇమాం హుస్సేన్ పంపాడు. మాస్టారి దగ్గరే ఎప్పుడో టైపు నేర్చుకుని, గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటర్ల రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. అందరూ వాడే విండోస్ దొంగకాపీ వేసిస్తానంటే మాస్టారు చిందులు తొక్కారు. "దొంగసొత్తు మీద సరస్వతీదేవి కూర్చోదురా!" అన్నారట. అయితే మీకు లినక్సే గతి, ఊరికే వస్తుంది, కాస్త మంకుపట్టు పడుతుంది అని నవ్వి, సీడీలు మెషినుతో పాటు బస్సులో వేశాడు.

లినక్స్‌ని మెషిన్లోకి ఎక్కించడం సాఫీగానే సాగింది. నల్లటి తెర మీద ఇంగ్లీషులో ప్రశ్నలు వస్తుంటే కోటిరత్నం చదివి వినిపించేది, మాస్టారు కళ్ళు మూసుకుని ఆలోచించి చెప్పేవారు, ఆమె ఎడంచేత్తో మీటలు నొక్కేది. కుడి బొటనవేలు స్పేస్‌బారు మీదికి దానంతటది వెళ్ళింది. ఆ వేలికి ఆ చోటు ఇంకా గుర్తుంది. చాలా రోజుల తర్వాత ఆమెకి ప్రాణం హాయిగా అనిపించింది.

ఇక ఆ నల్లతెర పోయి, మౌసుతో నడిచే బొమ్మల తెర తెరుచుకోవాలి. ఆ ఆజ్ఞ కొట్టగానే మానిటర్ మీద గీతలు గీతలుగా చీలిపోయి, లోపలి నుంచి సన్నగా ఈల మొదలైంది. వంటింట్లోంచి మాస్టారి భార్య సుబ్బరావమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే? పేలుద్దా ఏంటి కొంపదీసి?"

కోటిరత్నం చప్పున స్విచ్ ఆపేసి, మెట్లు దిగి ఎదుటి ఎస్‌టీడీ బూత్‌కి పరుగెత్తింది. ఇమాం హుస్సేన్ ఫోనులోనే కేకలేశాడు.

"ఆపేశావా? బతికించావు చెల్లెమ్మా! ఆ మానిటర్ పాతది, పాపం ముసలిది. అది పరుగెత్తలేనంత జోరు దానికి చెప్పేసుంటారు. మానిటర్ వెనకాల చీటీ అంటించి ఉంటది. దాని మీది అంకెలు చూసి, మెషిన్లో ఆ సెట్టింగుల ఫైలు తెరిచి, అవే వెయ్యి. సొంతంగా ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యమాక."

ఆ ఫైలు పేరు అక్షరం అక్షరం చెప్పించుకుని, నోట్లో వల్లెవేసుకుంటూ పైకొచ్చింది. మానిటర్ వెనక్కి వంగి అంకెలు చదివింది. ఫైల్లో అవే వేసింది. మళ్ళీ ఆజ్ఞ కొట్టింది. తెర ఒకసారి చీకటైంది. తర్వాత నీలంగా, నిబ్బరంగా వెలిగింది.

"అమ్మయ్య! వెలిగిందండీ!" అని సుబ్బరావమ్మ చేతులు జోడించింది.

"నాకు కనపడదుగా, రంగు చెప్పు," అన్నారు మాస్టారు.

"నీలం మాస్టారూ. మధ్యలో బాణం గుర్తుంది."

"బాణం కదిలించు."

కదల్లేదు. చేతికింది మౌసు ఎటు లాగినా బాణం ఉలకదు పలకదు. మళ్ళీ బూత్‌కి వెళ్ళింది. దీనికీ మందు ఇమాం హుస్సేన్ దగ్గరుంది. మౌసు తీగ చివర వెడల్పాటి పిన్నుంటే ఒక రకం, గుండ్రటి పిన్నుంటే ఇంకో రకం, ఎక్కించేటప్పుడు తప్పురకం చెప్పుంటారు అన్నాడు. నిజమే, చెప్పారు. దిద్దింది. ఈసారి బాణం కదిలింది. కానీ పక్కలకే కదిలింది. కుడికి పొమ్మంటే పోతుంది, ఎడమకి రమ్మంటే వస్తుంది. పైకీ కిందికీ మాత్రం రాదు. గట్టిగా ఒత్తి లాగితే ఒక్క గెంతు గెంతి మళ్ళీ మొరాయిస్తుంది.

రకాలన్నీ మార్చి చూసింది. మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది. బాణం దారి బాణానిదే. మూడోసారి బూత్‌కి వెళ్తే ఇమాం హుస్సేన్ కూడా తల పట్టుకున్నాడు. ఉన్నట్టుండి, "ఉండుండు. ఏ చేత్తో పట్టుకున్నావు?" అన్నాడు.

"ఎడంచేత్తో."

"ఓసి నీ! అదీ సంగతి. కొత్తవాళ్ళు ఎడంచేత్తో పట్టుకుంటే అట్టాగే తిక్కగా తిరుగుద్ది. కుడిచేత్తో పట్టుకో చెల్లెమ్మా, దానంతటదే దారికొస్తది."

అతనికి తెలీదు. ఎవరూ చెప్పలేదు. "అట్టాగే అన్నా," అని ఫోను పెట్టేసింది.

పైకొచ్చింది. మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నారు, సుబ్బరావమ్మ లోపలుంది. ఎవరూ చూడ్డం లేదని ఖాయం చేసుకుని, కొంగు చుట్టు విప్పి, కుడిచెయ్యి మౌసు మీద పెట్టింది. బొటనవేలు ఒక పక్క, మచ్చ పడిన అరచెయ్యి ఇంకో పక్క. పట్టు జారిపోతుంటే గట్టిగా ఒత్తింది. అరచెయ్యి చెమట పట్టింది. బాణం కుడికి పోయింది, ఎడమకి వచ్చింది. అంతే.

ఆడలేక మద్దెల ఓడన్నారంటారు గానీ, లోకంలో సగంమంది మద్దెలని అనరు, తమనే అనుకుంటారు. కోటిరత్నం ఆ సగంలోది. ఎడంచెయ్యి పనికిరానిదని గుంటూరు మనిషి చెప్పాడు, కుడిచెయ్యి పనికిరానిదని మిల్లు ఎప్పుడో తేల్చింది. ఇక ఈ ఒంటికి ఏ చెయ్యి మిగిలింది? మిల్లులో చెయ్యి నలిగిన రోజు కూడా రానంత ఏడుపు ఆమెకి అప్పుడొచ్చింది.

"మాస్టారూ, నావల్ల కాదు. ఇంకెవరినైనా చూసుకోండి."

"ఏం కాదు? తెర వెలిగించింది ఎవరు?"

"తెర వేరు మాస్టారూ. అది చదివి చేసేది. ఇది చేతిపని. మేడమ్ గారు అన్నదే నిజం."

మాస్టారు కాదంటారని ఆమె లోలోపల ఎదురుచూసింది. ఎదురుచూస్తున్నట్టు ఆమెకే తెలియలేదు. ఆయన గొంతు తగ్గించి, "సరేలే అమ్మా. రేపు ఆవిడకి నేను చెప్పుకుంటాలే," అన్నారు.

ఆయన కూడా నమ్మేశారు. అన్నిటికంటే అది తగిలింది ఆ పిల్లకి. లేచి నిలబడింది. కాఫీ గ్లాసులతో వచ్చిన సుబ్బరావమ్మ గుమ్మంలోనే ఆగి, కొంగు మరిచిపోయిన ఆ చేతి వైపు చూసింది.

"అదేంటే, చేతికా పసుపేంటి?"

కోటిరత్నం చూసుకుంది. చెమట పట్టిన అరచేతిలో, మచ్చల వెంబడి, పచ్చగా పసుపు. పొద్దుట్నుంచి ఆమె పసుపు ముట్టింది లేదు. ముట్టింది మౌసునే.

"అమ్మగారూ, పూజలో దీనికేం చేశారు?"

"ఏం చేస్తానే? అన్నిటికీ చేసినట్టే చేశా. మిషన్లకి పైనా కిందా పసుపు రాయనూ ఏటేటా? దీన్ని బోర్లా తిప్పితే అడుగున చిన్న మూత, తిప్పితే ఊడొచ్చింది. లోపల గుండు. కొత్త వస్తువు, లోటు చెయ్యకూడదని గుండుని పసుపునీళ్ళతో కడిగి, బొట్టు పెట్టి, నాలుగు అక్షింతలు వేసి మూత బిగించా. తప్పా?"

మాస్టారు పడక్కుర్చీలోంచి సగం లేచారు. "నీ భక్తి బంగారం కానూ! అక్షింతలు లోపల వేసి మూత పెట్టావా?"

"మరి దేవుడి అక్షింతలు కిందపడి తొక్కుతారనీ!"

కోటిరత్నానికి ఆ మాటలేవీ వినపడ్డం లేదు. మౌసుని బోర్లా తిప్పి, కుడి బొటనవేలికీ అరచేతికీ మధ్య అదిమిపట్టి, ఎడంచేత్తో మూత తిప్పింది. ఎర్రబొట్టుతో గుండు జారి ఒళ్ళో పడింది. లోపల రెండు సన్నటి కడ్డీలు. ఆ గుండు దొర్లుతూ వాటిని తిప్పితేనే బాణం కదిలేది. ఒక కడ్డీ శుభ్రంగా తిరుగుతోంది. రెండోదానికి పసుపు గడ్డకట్టి, పక్కనే ఒక అక్షింత బిగుసుకుని ఉంది. జాకెట్టు పిన్నీసు తీసి, ఊపిరి బిగబట్టి, ఆ గింజని పెకలించింది. పసుపంతా గీకింది. గుండుని కొంగుతో తుడిచి వేసింది.

బాణం పైకి పోయింది. కిందికొచ్చింది. తెర నాలుగు మూలలకీ తిరిగొచ్చింది.

"మాస్టారూ," అంది. "చేతులది కాదు. నా చేతులది కాదు తప్పు." అని భోరున ఏడ్చేసింది. సుబ్బరావమ్మ కాఫీ గ్లాసులు ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని తనూ ఏడ్చింది. మాస్టారి ఆపరేషన్ కన్ను తడవకూడదు, డాక్టరు చెప్పాడు. ఆయన కళ్ళద్దాలు తియ్యకుండా తల అటు తిప్పుకున్నారు.

"నేనూ అనుకున్నానమ్మా, చేతిదేనని," అన్నారు. "మాస్టార్ని. నేనే అనుకోకూడదు."

ఆ సాయంత్రం పొద్దుగుంకేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. సెట్టింగుల్లో తిరుగుతుంటే ఒకచోట ఎడంచేతివాళ్ళకి అని రాసి, పక్కన చిన్న గడి ఉంది. ఆ గడిలో టిక్కు పెడితే మౌసు మీది రెండు మీటలూ ఒకదాని పని ఇంకొకటి తీసుకుంటాయి. అంటే లోకంలో ఇంకెక్కడో కూడా ఎడంచేత్తో పనిచేసే వాళ్ళున్నారు, వాళ్ళ కోసం ఎవరో ఆలోచించి ఈ గడి పెట్టారు. అందులో టిక్కు పెట్టింది. మౌసుని కీబోర్డుకి ఎడమ పక్కకి మార్చుకుంది. అంతే, చూపుడువేలు ఉన్నచోటికే పని వచ్చింది.

మర్నాడు పొద్దున మల్లేశ్వరి మేడమ్ వచ్చింది. గంజిపెట్టిన చీర, చేతిలో గొడుగు, ముఖాన నవ్వు లేదు. చెడ్డమనిషేం కాదు. వందమంది ఆడపిల్లల బాధ్యత మోసే మనిషికి నవ్వడానికి తీరికుండదు, అంతే. కోటిరత్నం నమస్కారం పెట్టడానికి చేతులెత్తబోయి, ఆగి, తల వంచి ఊరుకుంది. ఆ ఆగడం మేడమ్ చూసింది.

కోటిరత్నం మెషిన్ నడిపి చూపించింది. తెర తెరిచింది, బొమ్మ గీసింది, మేడమ్ పేరు తెలుగులో కాకపోయినా ఇంగ్లీషులో పెద్దగా రాసింది. మేడమ్ మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు.

"నువ్వు చెయ్యగలవు, చూశాను. చెయ్యడం వేరు, నేర్పడం వేరు. ఏదీ, నాకు నేర్పు," అని కుర్చీలో కూర్చుంది.

కూర్చుని, మౌసుని కుడిపక్కకి లాక్కుని, కుడిచేత్తో పట్టుకుని మీట నొక్కింది. తెరవాల్సింది తెరుచుకోలేదు. సంబంధం లేని పట్టీ ఒకటి కిందికి దిగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే పట్టీ.

"ఇది పాడైనట్టుందే?"

"పాడవలేదు మేడమ్. నా చేతికి తగ్గట్టు పెట్టుకున్నాను. ఒక్క నిమిషం, మీ చేతికి మార్చిస్తాను."

మల్లేశ్వరి మేడమ్ తన చేతికేసి చూసుకుంది. తర్వాత కొంగు చుట్టిన చేతికేసి చూసింది. ఇంత వయసొచ్చాక ఒక వస్తువు తన చేతికి లొంగకపోవడం ఆవిడకి కొత్త.

"వద్దు. నీకున్నట్టే ఉంచు," అంది. మౌసుని ఎడమకి జరిపి, ఎడంచేత్తో పట్టుకుంది. బాణం తాగుబోతు నడకలా అటూ ఇటూ తూలింది. తెర మీద నొక్కాల్సిన చిన్న బొమ్మ దాకా పోయి, దాటిపోయి, వెనక్కొచ్చి, మళ్ళీ దాటిపోయింది. ఆవిడ పళ్ళు బిగించి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అయ్యో, అంత బిగించకండి మేడమ్, తేలిగ్గా..." అంటూ కోటిరత్నం ఆవిడ ఎడమ పక్కకొచ్చి వంగింది. చిన్నపిల్లలకి పలక మీద ఓనమాలు దిద్దించేవాళ్ళు చెయ్యి పట్టుకుని దిద్దించినట్టు, ఆవిడ చేతి మీద చెయ్యి వేసి నెమ్మదిగా పైకి నడిపించింది. బాణం తిన్నగా వెళ్ళి బొమ్మ మీద ఆగింది. "ఇక్కడ. ఇప్పుడు చూపుడువేలు." మేడమ్ నొక్కింది. తెరవాల్సింది తెరుచుకుంది.

అప్పుడు చూసుకుంది కోటిరత్నం. కొంగు ఎప్పుడు జారిందో తెలీదు. మేడమ్ చేతి మీద ఉన్నది తన కుడిచెయ్యి. నలుగురి ముందు, పగటి వెలుగులో, మచ్చలతో, ఒంటి బొటనవేలితో. దెబ్బ తగిలాక ఆ చేత్తో ఆమె ఒక మనిషిని తాకడం అదే మొదలు. చప్పున వెనక్కి లాక్కోబోయింది.

"తియ్యకమ్మా," అంది మల్లేశ్వరి మేడమ్, తెర మీంచి చూపు తిప్పకుండా. "నాకింకా రాలేదు. సోమవారం నుంచి మా పిల్లలక్కూడా ఇట్టాగే పట్టుకుని నేర్పాలి నువ్వు."

కోటిరత్నం చెయ్యి తియ్యలేదు.